గ్రబ్ మెనూనా, ఎఫ్12 బూట్ మెనూనా: ఏది మేలు?

విండోస్ పక్కనే ఉబుంటు లినక్స్ వేసుకున్నవాళ్లు మళ్లీ మళ్లీ అడుగుతున్నారు: ఏ పార్టిషన్ (డిస్క్‌లోని భాగం) నుంచి బూట్ కావాలో ఉబుంటుతో పాటు వచ్చే బూట్ ప్రోగ్రామ్ గ్రబ్‌లో ఎంచుకోవాలా, ఎఫ్12 లాంటి మీట నొక్కితే వచ్చే ల్యాప్‌టాప్ సొంత బూట్ మెనూలోనా?

సౌకర్యంలో గ్రబ్‌దే పైచేయి. మెనూ దానంతటదే వస్తుంది. కొత్త కెర్నల్ (లినక్స్ మూల ప్రోగ్రామ్) మొరాయిస్తే పాతదాంట్లోకి వెళ్లొచ్చు. అయితే 2021 నాటి 2.06 వెర్షన్ నుంచి పక్క ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను డిఫాల్ట్‌గా ఆపేశారు. అందుకే కొందరికి మెనూలో విండోస్ కనిపించదు. అది ఎక్కడికీ పోలేదు, కంగారుపడకండి. గ్రబ్ సెట్టింగుల్లో ప్రోబర్‌ను ఆన్ చేసి, గ్రబ్‌ను అప్‌డేట్ చేస్తే వచ్చేస్తుంది.

నా దృష్టిలో అసలు తేల్చేది బిట్‌లాకర్, అంటే డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఏర్పాటు. విండోస్ 11 ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెటప్ చేయగానే ఈ డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయిపోతుంది. దాని కీని టీపీఎం అనే భద్రతా చిప్ కాపాడుతుంది. బూట్ అయ్యే దారిలో ఏమేం నడిచాయో ఆ చిప్‌లో నమోదవుతుంది. మధ్యలో గ్రబ్ వస్తే ఆ లెక్క మారిపోవచ్చు, అప్పుడు చిప్ కీ ఇవ్వదు. నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. అర్జెంటు పని ఉన్నప్పుడు అది మామూలు టెన్షన్ కాదు. బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే ఫర్మ్‌వేర్ (కంప్యూటర్ ఆన్ కాగానే మొదట నడిచే లోపలి ప్రోగ్రామ్) నేరుగా దాన్నే లేపుతుంది, ఈ గొడవ ఉండదు. ఏ దారి పట్టినా, ఆ కీని ముందే కాగితం మీద రాసి పెట్టుకోండి.

2024 ఆగస్టు విండోస్ అప్‌డేట్ తర్వాత సెక్యూర్ బూట్ (నమ్మదగిన ప్రోగ్రాములనే బూట్ కానిచ్చే రక్షణ) ఉన్న చాలా డ్యూయల్ బూట్ (రెండు ఓఎస్‌ల) కంప్యూటర్లలో లినక్స్ లేవలేదు, గ్రబ్ మెనూ దాకా కూడా రాలేదు. బూట్ మెనూ తెలిసినవాళ్లు కనీసం విండోస్‌లోకి వెళ్లి పని చేసుకోగలిగారు.

బూట్ మెనూతో చిక్కల్లా మీట సరైన క్షణంలో నొక్కడమే. డెల్, లెనోవోల్లో సాధారణంగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9. అందక విండోస్‌లోకి వెళ్లిపోతే, షిఫ్ట్ పట్టుకుని రీస్టార్ట్ నొక్కండి. వచ్చే నీలి తెరలో 'యూజ్ ఎ డివైస్' ఉంటే అందులో ఉబుంటును ఎంచుకోవచ్చు. రోజూ వాడే ఓఎస్‌ను బూట్ ఆర్డర్‌లో మొదట పెట్టుకుంటే ఆ మీటతో పనే తక్కువ.

యూఈఎఫ్ఐ (కొత్త తరం ఫర్మ్‌వేర్) లేని పాత కంప్యూటర్లలో మాత్రం గ్రబ్బే దిక్కు. అక్కడ బూట్ మెనూ డిస్కులనే చూపిస్తుంది, పార్టిషన్లను చూపించదు. గ్రబ్ లాంటి మరో బూట్ ప్రోగ్రామ్ రీఫైండ్ చూడ్డానికి బాగుంటుంది కానీ బిట్‌లాకర్ విషయంలో గ్రబ్‌కున్న చిక్కే దానికీ ఉంది.