క్యాట్ జోలికి పోకుండా సైలెన్సర్ మార్చాను: కాలిఫోర్నియాలో నా బీఆర్‌జెడ్ అనుభవం

నా కారు 2013 సుబారు బీఆర్‌జెడ్, ఆరు గేర్ల మాన్యువల్. ఉండేది ఫ్రీమాంట్‌లో. కంపెనీ సైలెన్సర్ తీసేసి క్యాట్-బ్యాక్ ఎగ్జాస్ట్ వేయించి ఏళ్ళవుతోంది. రోజూ ఆఫీసుకీ, వారాంతాల్లో నైల్స్ కెన్యన్, స్కైలైన్ రోడ్లకీ ఈ కారే. ఎవరు చూసినా ముందు అడిగేది స్మాగ్ చెక్ (కాలిఫోర్నియాలో కార్లకి చేసే పొగ కాలుష్య పరీక్ష) గురించే: "స్మాగ్ చెక్‌లో ఎలా పాసవుతోంది?"

ఇబ్బంది లేకుండా పాసవుతోంది. ఎందుకంటే క్యాట్-బ్యాక్ అంటే క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగని శుభ్రం చేసే డబ్బా, వాడుకలో క్యాట్) దాటాక మొదలై వెనక గొట్టాల దాకా ఉండే భాగం మాత్రమే. కార్బన్ మోనాక్సైడ్, నైట్రోజన్ ఆక్సైడ్లు, కాలని పెట్రోల్ ఆవిరి, వీటిని శుభ్రం చేసే పని అంతకు ముందే అయిపోతుంది. ఈ కారులో మొదటి క్యాట్ ఇంజిన్‌కి ఆనుకుని ఉండి సిలిండర్ల పొగని పోగుచేసే పైపుల గుత్తి, అంటే హెడర్‌లోనే ఉంటుంది, రెండోది దాని తర్వాత వచ్చే ఫ్రంట్ పైపులో. ఆ రెండూ ఫ్యాక్టరీలో బిగించినట్టే ఉన్నాయి.

చాలామందికి తెలియనిది ఇంకొకటి ఉంది. ఇక్కడ 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లకి వెనక గొట్టంలో ప్రోబ్ పెట్టి పొగ కొలవరు. టెక్నీషియన్ బానెట్ ఎత్తి, కారు కింద చూసి, ఏదైనా పార్టు తీసేశారా, అనుమతి లేనిది పెట్టారా అని పరిశీలిస్తాడు. తర్వాత ఓబీడీ పోర్టుకి (కారు కంప్యూటర్ లోపాలు చదివే సాకెట్) కేబుల్ తగిలించి కారు కంప్యూటర్‌నే అడుగుతాడు. చెక్ ఇంజిన్ లైటు వెలగకూడదు, లోపలి స్వీయపరీక్షలు పూర్తయి ఉండాలి. పెట్రోల్ ఆవిరిని పట్టి ఉంచే వ్యవస్థకి సంబంధించిన పరీక్ష ఒక్కటి మిగిలినా ఒప్పుకుంటారు. బ్యాటరీ తీసి పెడితే ఇవన్నీ చెరిగిపోతాయి. అందుకే స్మాగ్ దగ్గరపడుతుంటే నా కారు బ్యాటరీని ఎవరినీ ముట్టుకోనివ్వను. ఒకవేళ తీయాల్సి వస్తే కొన్ని రోజులు చల్లటి ఇంజిన్‌తో స్టార్ట్ చేసి, హైవే మీద ఒకే వేగంతో నడిపాకే స్టేషన్‌కి వెళ్ళాలి.

హెడర్ మార్చమని సలహా ఇచ్చేవాళ్ళు బోలెడుమంది. సుబారుకి పేరు తెచ్చిన ఆ గుడగుడ శబ్దం అసమాన పొడవు పైపులున్న హెడర్ వల్ల వస్తుంది. బీఆర్‌జెడ్‌కి ఫ్యాక్టరీ నుంచి వచ్చేది సమాన పొడవు హెడర్. కాబట్టి వెనక ఏ సైలెన్సర్ వేసినా ఆ గుడగుడ రాదు, ముందే తెలుసుకుని డబ్బు పెట్టండి. అసమాన పొడవు హెడర్ వేస్తే ఆ శబ్దం వస్తుంది, 4,000 ఆర్‌పీఎమ్ దగ్గర టార్క్ (ఇంజిన్ లాగే బలం) పడిపోయే జబ్బూ తగ్గుతుంది. కానీ దానితోపాటు సాధారణంగా మొదటి క్యాట్ పోతుంది, కొన్నాళ్ళకి క్యాట్ సరిగా పనిచేయట్లేదని చెప్పే పీ0420 కోడ్ వస్తుంది. ఆ కోడ్ రాకుండా సాఫ్ట్‌వేర్ మార్పిస్తే అదీ దొరికిపోతుంది. 2021 జూలై నుంచి స్మాగ్ చెక్‌లో ఇంజిన్ సాఫ్ట్‌వేర్ కంపెనీదేనా, కార్బ్ (కాలిఫోర్నియా గాలి కాలుష్య నియంత్రణ బోర్డు) ఒప్పుకున్నదేనా అని కూడా చూస్తున్నారు. నా మట్టుకు చట్టం ఒక్కటే కారణం కాదు. మా వీధిలో పిల్లలు సైకిళ్ళు తొక్కుతారు, క్యాట్ లేని కారు వాసన వాళ్ళకి పంచలేను.

ఇక శబ్దం. నేను తీసుకున్నది 304 స్టెయిన్‌లెస్ స్టీల్, మధ్య పైపులో రెజొనేటర్ (హోరు తగ్గించే గది) ఉన్నది. ఆ రెజొనేటరే నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ఆరో గేరులో గంటకు 70 మైళ్ళ దగ్గర ఈ ఇంజిన్ సుమారు 3,000 ఆర్‌పీఎమ్‌లో తిరుగుతుంది. నాలుగు సిలిండర్లకి అంటే సెకనుకి 100 పేలుళ్ళు. క్యాబిన్‌లో తల పట్టుకునేలా మోగేది సరిగ్గా ఆ హోరే. రెజొనేటర్ లేని ఎగ్జాస్ట్ ఉన్న స్నేహితుడి కారులో శాక్రమెంటో దాకా వెళ్ళాను, దిగేసరికి మాటలు సరిగా వినిపించలేదు. నా కారులో అదే వేగానికి సన్నటి గుర్రు వినిపిస్తుంది, అమ్మతో ఫోన్ మాట్లాడుకోవచ్చు. 4,500 దాటాక మాత్రం గొంతు విప్పుతుంది, 7,000 దాకా ఆ పాట వినడం నాకు ప్రతిసారీ సంతోషమే. తెల్లవారుజామున చల్లటి స్టార్ట్ ఒక్కటే కాస్త గట్టిగా ఉంటుంది. నిమిషంలోపే ఇంట్లోంచి బయటికి తీసేస్తాను.

పవర్ కోసమైతే దండగ. సీట్లో కూర్చుని గుర్తుపట్టేంత తేడా లేదు, టార్క్ గుంత అలాగే ఉంది. వెనక కొంత బరువు తగ్గింది, అంతే.

శబ్దం సంగతి స్మాగ్ చెక్‌లో తేలదు, రోడ్డు మీద పోలీసు దగ్గర తేలుతుంది. ఇలాంటి కారుకి పరిమితి 95 డెసిబెల్. 2019కి ముందు సరిచేసుకుని చూపిస్తే టికెట్ కొట్టేసేవారు, ఆ వెసులుబాటు పోయింది. లగూనా సెకా ట్రాక్‌లో ఇంకా కఠినం, చాలా రోజులు 90, 92 డెసిబెల్‌కే పరిమితం చేస్తారు. వెళ్ళే ఉద్దేశం ఉంటే ఆ రోజు పరిమితి కనుక్కుని బయల్దేరండి.

హైదరాబాద్‌లో ఉన్న మా తమ్ముడు తన బైక్‌కీ ఇలాంటిది వేయిస్తానంటే వద్దన్నాను. అక్కడ కంపెనీ స్పెసిఫికేషన్ మార్చడమే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌కి విరుద్ధం. మార్చిన సైలెన్సర్లను పోలీసులు రోడ్ రోలర్‌తో తొక్కించిన వీడియోలు వాడే నాకు పంపాడు.

ఇన్నేళ్ళలో వెల్డింగ్ ఎక్కడా విడలేదు, తుప్పు లేదు. గొట్టాల చివర్లు నీలంగా మారాయి, నాకది నచ్చింది. రబ్బరు హ్యాంగర్లు మాత్రం సాగిపోయి స్పీడ్ బ్రేకర్ల మీద టకటకమనేవి. గట్టి రకం వేయిస్తే ఆగింది, కాబట్టి ఫిట్టింగ్ రోజే అవి మార్పించుకోండి, జాయింట్లకి కొత్త గ్యాస్కెట్లు కూడా. పాత సైలెన్సర్ అమ్మకండి. కారు అమ్మేటప్పుడు ఇక్కడ స్మాగ్ సర్టిఫికెట్ అమ్మేవాడే ఇవ్వాలి, కొనేవాళ్ళలో సగంమంది కంపెనీ పైపే అడుగుతారు. నాది గరాజ్ అటక మీద, బోల్టులతో సహా మూటగట్టి ఉంది.