14 నెలలు అన్నం మానేసి పరుగెత్తాను: నా అనుభవం

రోజుకు 50 గ్రాముల లోపు పిండిపదార్థం. అన్నం, చపాతీ, అరటిపండు అన్నీ బంద్. గుడ్లు, చికెన్, పనీరు, ఆకుకూరలు, వాటి మీద ధారాళంగా నెయ్యి. ఇలా 14 నెలలు తిని పరుగెత్తాను. బరువు 79 కిలోల నుంచి 71కి దిగింది. ఆ విషయంలో నాకు పూర్తి తృప్తి.

మొదటి రెండు వారాలు మాత్రం నరకం. రాత్రుళ్ళు పిక్కలు పట్టేసేవి. పిండిపదార్థం తగ్గితే ఒంట్లోంచి నీళ్ళతో పాటు ఉప్పు కూడా పోతుందట. ఉప్పేసిన నిమ్మరసం రోజుకు మూడు గ్లాసులు తాగితే గానీ తేరుకోలేదు. (బీపీ, షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా దీని జోలికి వెళ్ళొద్దు.)

మూడో నెల నుంచి ఆదివారం పరుగులు హాయిగా సాగాయి. నెక్లెస్ రోడ్డులో ఖాళీ కడుపుతో 25 కిలోమీటర్లు, కబుర్లు చెప్పుకుంటూ. మధ్యలో ఎనర్జీ జెల్ (పరుగులో శక్తి కోసం తినే తీపి గుజ్జు) లేదు, ఖర్జూరం లేదు, నీరసం లేదు.

అసలు సంగతి హాఫ్ మారథాన్‌లో, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు తెలిసింది. కాళ్ళకు ఇసుక మూటలు కట్టినట్టుంది. ఎంత తొందరపెట్టినా వేగం రాదు. ఎప్పుడూ నా వెనకే వచ్చే మా గ్రూపు అన్న పక్కకొచ్చి, "ఏం తమ్ముడూ, ఒంట్లో బాగానే ఉందా?" అని అడిగి ముందుకెళ్ళిపోయాడు. ఎనిమిది కిలోలు తగ్గి కూడా పాత టైమింగ్ కంటే ఆరు నిమిషాలు వెనకబడ్డాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

కారణం తర్వాత చదివి తెలుసుకున్నాను. అంతే శక్తిని కొవ్వు నుంచి తీయాలంటే ఆక్సిజన్ ఎక్కువ కావాలి. నింపాదిగా పరుగెత్తితే ఆ తేడా తెలియదు. ఊపిరి అందని వేగంలో అదే దెబ్బ కొడుతుంది. 2017లో క్రీడా పోషకాహార శాస్త్రవేత్త లూయీస్ బర్క్ బృందం మేటి రేస్ వాకర్ల (వేగనడక పోటీదారుల) మీద చేసిన అధ్యయనంలోనూ ఇదే తేలింది: మూడు వారాల శిక్షణ తర్వాత పిండిపదార్థం తిన్నవాళ్ళ 10 కిలోమీటర్ల టైమింగ్ మెరుగైంది, కొవ్వు తిన్నవాళ్ళది మెరుగవలేదు.

ఇప్పుడు మామూలు రోజుల్లో అన్నం కొంచెమే. స్పీడ్ వర్కవుట్‌కి, రేసుకి ముందురోజు మాత్రం కడుపునిండా తింటాను. మొదటిసారి అమ్మ వేడన్నంలో ఆవకాయ కలిపి ముద్ద చేతిలో పెట్టినప్పుడు కళ్ళు చెమర్చాయి. ఆ వారమే 10 కిలోమీటర్లలో నా పాత టైమింగ్ మళ్ళీ అందుకున్నాను.