పడమటి గోడకు కానుగ నీడ: పదహారేళ్ల అనుభవం

డాలస్‌లో మా అమ్మాయి ఉండే వీధిలో లైవ్ ఓక్ చెట్లు రెండు వైపుల నుంచీ కమ్ముకొని ఉంటాయి. వాటి కింద నడిచి వచ్చిన నాకు, అలాంటి చెట్టొకటి వనస్థలిపురంలోని మా ఇంటి ముందు కూడా ఉండాలనిపించింది. అయితే విత్తనాలను సంచిలో వేసుకొని రావడానికి క్వారంటైన్ నిబంధనలు ఒప్పుకోవు. పైగా ఓక్ నిదానంగా పెరిగే చెట్టు, అప్పటికే నాకు యాభై దాటాయి. అందుకే 2009 జూలైలో నర్సరీ నుంచి నడుమెత్తు కానుగ మొక్కను తెచ్చి, పడమటి గోడకు పది అడుగుల దూరంలో నాటాను.

మా నేలలో రెండడుగులు తవ్వేసరికి మొరం వచ్చింది, ఆపైన గడ్డపార దిగలేదు. మూడడుగుల గుంతను ఎలాగో పూర్తిచేసి, ఎర్రమట్టి, పశువుల ఎరువు కలిపి నింపాము. మొదటి రెండు వేసవులు బిందెలతో నీళ్లు పోశాము. మూడో ఏటి నుంచి ఆ అవసరమే రాలేదు. అయిదో ఏడు వచ్చేసరికి కొమ్మలు మొదటి అంతస్తు కిటికీని అందుకున్నాయి.

పడమటి దిక్కునే ఎంచుకోవడానికి కారణం ఉంది. మధ్యాహ్నం మూడు గంటల నుంచి ఎండ నేరుగా గోడను కాలిస్తే, ఆ గోడ రాత్రి పదకొండు వరకూ పడకగదిలోకి వేడిని వదులుతూనే ఉంటుంది. ఇప్పుడు మే నెలలో కూడా సాయంత్రం ఆ గోడపై అరచేయి ఆనించి ఉంచగలుగుతున్నాము. ఏసీ మానలేదు గానీ, దానిని వేసే వేళ బాగా ఆలస్యమైంది.

కానుగలో నాకు అన్నిటికన్నా నచ్చినది అది ఆకు రాల్చే వేళ. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కొద్ది వారాలు మాత్రమే బోడిగా కనిపించి, ఎండలు ముదిరేలోపు నూనె రాసినట్టు మెరిసే లేత ఆకులతో మళ్లీ నిండిపోతుంది. ఆ కొద్ది వారాలూ ఊడ్పు మాత్రం తప్పదు; మా ఆవిడ మాటల్లో చెప్పాలంటే, అది చీపురుకు పరీక్షాకాలం. ఆ తరువాత రాలే తెలుపు, ఊదా కలిసిన పూలు గచ్చు మీద మురమురాలు ఒలకబోసినట్టు పరుచుకుంటాయి. కింద కారు నిలిపితే, తెల్లవారేసరికి వైపర్ల సందుల్లో గుప్పెడు పూలు ఇరుక్కొని ఉంటాయి.

లోపాలూ ఉన్నాయి. సూక్ష్మమైన నల్లి వల్ల ఆకుల మీద పులిపిర్ల వంటి బుడిపెలు లేస్తాయి. మొదట భయపడి మందు కొట్టించాను. తరువాత మానేశాను, చెట్టుకు ఏమీ కాలేదు. కాయలు రాలిన చోటల్లా మొలకలు వస్తాయి, వాటిని చిన్నప్పుడే పీకేయాలి.

అసలు నష్టం నా చేతులారా జరిగింది. 2014లో ఆవరణ శుభ్రంగా ఉంటుందని మొదలు దాకా పార్కింగ్ టైల్స్ పరిపించి, సందులను సిమెంటుతో పూడ్పించాను. మరుసటి వేసవిలో కొనకొమ్మలు ఎండిపోయాయి, కొత్త ఆకులు చిన్నవిగా, పసుపు రంగులో వచ్చాయి. మేస్త్రీని మళ్లీ పిలిపించి, మొదలు చుట్టూ నాలుగడుగుల మేర టైల్స్ తీయించి, రాలిన ఆకులనే అక్కడ పరిచి నీరు పెట్టాను. చెట్టు కోలుకోవడానికి రెండు వానాకాలాలు పట్టింది.

రెండో పొరపాటును సరిదిద్దే వీలు లేకపోయింది: వీధి వైపు కరెంటు తీగలను నాటేటప్పుడు లెక్కలోకి తీసుకోలేదు. ఏటా వానలకు ముందు ఆ వైపు కొమ్మలు కొట్టేయడం వల్ల చెట్టు బరువంతా ఇంటి వైపు ఒరిగింది. ఇప్పుడు నాటాల్సి వస్తే, గోడకు పదిహేను అడుగులు, తీగలకు అంతకన్నా ఎక్కువ దూరం వదులుతాను. అంత చోటు లేని నూటయాభై గజాల ఇంటికి ఈ చెట్టును నేను సూచించను.