గంట మోగుతుంది, తూటా పేలదు: ఇంట్లో కట్టిన జాయ్‌స్టిక్ మీద నా ఫిర్యాదు

కమోడోర్ 64 అనే పాత ఇంటి కంప్యూటర్‌కు ఆటలాడే జాయ్‌స్టిక్‌ను సొంతంగా కట్టుకున్నవాళ్లందరూ నాలుగు దిక్కుల గురించే చెబుతారు. ఏళ్ల తరబడి వాడిన నాకు దిక్కులతో ఏ పేచీ లేదు. నా గొడవంతా ఫైర్ బటన్‌తోనే.

వైరింగ్ చెప్పుకోదగ్గంత పని కాదు. ప్లగ్గులో ఒకటి నుంచి నాలుగు పిన్నులు పైకి, కిందికి, ఎడమకు, కుడికి. ఆరోది ఫైర్, ఎనిమిదోది గ్రౌండ్. స్విచ్ నొక్కితే ఆ పిన్ను గ్రౌండ్‌కు తగలాలి, అంతే. 1977లో వీడియో గేముల కంపెనీ అటారీ తెచ్చిన ఈ అమరికనే 1982లో కమోడోర్ 64కూ పెట్టారు. చిక్కంతా సామాను దగ్గరే. ఒడిశాలోని మా పర్లాకిమిడి బజారులో టీవీ వీడియో గేముల జాయ్‌స్టిక్‌లు దొరుకుతాయి, వాటి ప్లగ్గూ తొమ్మిది రంధ్రాలదే. దుకాణదారు అచ్చం ఇదేనని ఒట్టు వేసి మరీ ఇస్తాడు. విప్పి చూస్తే లోపల అయిదు వైర్లే, బటన్ల సంగతంతా వాటిలో ఒకదాని మీదే వరుసగా వెళుతుంది. మనకు కావలసినవి ఆరు. అందుకని ప్లగ్గు విడిగా తెప్పించుకుని, కంప్యూటర్ గుంటలో ఇమిడేదాకా దాని తొడుగు అంచుల్ని ఆకురాయితో అరగదీశాను. దిక్కులకు నాలుగు లివర్ మైక్రోస్విచ్‌లు, పైన స్విచ్‌బోర్డులకు వాడే హైలం షీటు. ఫైర్‌కు కాలింగ్ బెల్ స్విచ్.

ఆ స్విచ్ పెట్టిన కొత్తలో నా సంబరం ఇంతా అంతా కాదు. బొటనవేలికి నిండుగా ఆనుతుంది, నొక్కినట్టు చేతికి స్పష్టంగా తెలుస్తుంది, పాడైతే ఏ కరెంటు సామాన్ల కొట్లోనైనా ఇంకొకటి దొరుకుతుంది. దీన్ని మించిన బటన్ లేదని సరిహద్దు అవతల పాతపట్నంలో ఉన్న మిత్రుడి చేత కూడా అదే పెట్టించాను. ఆ మాటలో సగం ఇప్పటికీ నిజమే.

రెండో సగం వానాకాలంలో బయటపడింది. మహేంద్రగిరి మీద మబ్బు దిగితే మా ఇంట్లో డబ్బాలోని అప్పడాలు కూడా మెత్తబడతాయి. ముందు అప్పుడప్పుడు ఒక తూటా తప్పేది. తర్వాత గట్టిగా అదిమితేనే పేలేది. చివరికి శత్రువు నెత్తి మీదికి వచ్చినా ఉలుకూ పలుకూ లేదు. కంప్యూటర్ రెండో జాయ్‌స్టిక్ గుంటలో (పోర్టు రెండు) గుచ్చి, దాని స్థితిని చూపే 56320 మెమరీ చిరునామాలోని అంకెను వరుసగా తెరపై చూపే చిన్న బేసిక్ ప్రోగ్రామ్ రాశాను. ఏమీ నొక్కకపోతే 127. పైకి తోస్తే 126, కిందికి 125, ఎడమకు 123, కుడికి 119. అన్నీ సరిగ్గా ఉన్నాయి. అంటే గ్రౌండ్ వైరు బాగుంది, పోర్టు బాగుంది. ఫైర్ నొక్కితే 111 రావాలి, వచ్చేది 127.

స్విచ్ ఊడదీసి ఎలక్ట్రీషియన్‌కు ఇచ్చాను. ఆయన దాన్ని ఒక టింగ్ టాంగ్ బెల్లుకు కలిపి నొక్కాడు. వీధి చివరిదాకా వినబడేలా మోగింది. "స్విచ్‌కు ఏ రోగమూ లేదు మాస్టారూ, మీ పెట్టెనే ఎక్కడైనా చూపించుకోండి" అన్నాడు. పక్కనున్న కుర్రాడితో ఒడియాలో ఇంకో మాట కూడా అన్నాడు, నాకు ఆ భాష రాదనుకున్నాడు కాబోలు. ఇంటికి తెచ్చి బిగిస్తే మొదటి నొక్కుకే 111! కొద్ది రోజులకు మళ్లీ 127.

ఈ వింత ఎందుకో తెలిశాక నా కోపం ఎలక్ట్రీషియన్ మీద పోయి స్విచ్ మీదికి మళ్లింది. దాని మీద ఆరు ఆంపియర్లు, 240 వోల్టులు అని అచ్చు వేసి ఉంటుంది. బెల్లులోని తీగచుట్ట కరెంటు తెగిన ప్రతిసారీ కొనల దగ్గర చిన్న నిప్పురవ్వ లేస్తుంది. తేమకు కొనల మీద పట్టిన చిలుము పొరను ఆ రవ్వే కాల్చేస్తుంది. జాయ్‌స్టిక్‌లో పారేది అయిదు వోల్టుల దగ్గర మిల్లీ ఆంపియర్‌కు అటూ ఇటూ. రవ్వ లేవదు, పొర పోదు. ఎలక్ట్రీషియన్ తనకు తెలియకుండానే దాన్ని శుభ్రం చేసి పంపాడన్నమాట.

గట్టి కాగితం ముక్కను కొనల మధ్య పెట్టి రుద్దితే కొన్నాళ్లు నడిచింది. విసుగొచ్చి, పైమూత అలాగే ఉంచి, లోపల పాడైన మౌస్‌లోని బుల్లి స్విచ్‌ను అమర్చాను. చిన్న కరెంటుకు తయారైనది కనుక ముసురులోనూ మొరాయించడం లేదు. అయితే పాత 'టక్' పోయింది. బొటనవేలు ఇప్పటికీ దానికోసం వెతుక్కుంటుంది.

కర్ర మీది గుండు మా ఊరి కొమ్ము పనివారు చెక్కి ఇచ్చినది. చెమట పట్టినా జారదు. పురుగు పట్టకుండా మాత్రం చూసుకోవాలి.

పాతపట్నం మిత్రుడి జాయ్‌స్టిక్‌లో కాలింగ్ బెల్ స్విచ్ నేటికీ చక్కగా పనిచేస్తోంది. అదే వాన, అదే గాలి. ఆయన రోజూ ఆడతాడు, కొనలు ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉంటాయి. నేను సెలవుల్లో తప్ప ముట్టను. కాబట్టి రోజువారీ ఆటగాళ్లకు, ఎండు ఊళ్లలో ఉండేవాళ్లకు ఆ స్విచ్‌ను వద్దనలేను. ఎవరు కట్టినా ఏడో పిన్నుకు మాత్రం వైరు వేయకండి. అందులో అయిదు వోల్టులుంటాయి, పక్కనే గ్రౌండ్, రెండూ తగిలితే షార్టే.