బ్యాటరీ మార్చగానే ఫోను 100 శాతం చూపిస్తోందా? డబ్బు ఇచ్చేముందు ఆగండి

హైదరాబాద్‌లో ఫోను బ్యాటరీ మార్పించుకోబోతున్నవాళ్లు, ముఖ్యంగా ఐఫోన్ ఉన్నవాళ్లు, షాపు మెట్లెక్కేముందు ఇది చదవండి. బ్యాటరీ వేసి, సెట్టింగ్స్‌లో బ్యాటరీ ఆరోగ్యం (కొత్తప్పటితో పోలిస్తే ఎంత సామర్థ్యం మిగిలిందో చెప్పే అంకె) తెరిచి, 'చూడండి, వంద శాతం' అని డబ్బు తీసుకుంటారు. ఆ అంకెను దిద్దవచ్చు. దిద్దే పరికరం అరచేతిలో పడుతుంది. రిపేరు సామాను అమ్మేచోట బహిరంగంగానే దొరుకుతుంది.

మా అక్క ఐఫోన్ 12 బ్యాటరీ ఆరోగ్యం 78 శాతానికి దిగింది. సాయంత్రం మెట్రో స్టేషన్‌కు చేరేసరికి పాతిక శాతం చార్జింగ్ ఉన్న ఫోను, టికెట్ క్యూఆర్ కోడ్ తెరవగానే ఆరిపోయేది. గేటు దగ్గర వెనక వరుస కట్టినవాళ్ల చూపులు వేరే చెప్పాలా! ఇంటి దగ్గర్లో ఉన్న షాపులో మార్పించింది. ఒరిజినల్ బ్యాటరీ, ఆరు నెలల గ్యారంటీ అన్నారు. ఆ గ్యారంటీని విజిటింగ్ కార్డు వెనక పెన్నుతో రాసిచ్చారు. సెట్టింగ్స్‌లో 100 శాతం కనిపించింది. బ్యాటరీని గుర్తించలేకపోతున్నానన్న హెచ్చరిక కూడా లేదు. ఇంకెవరికైనా అనుమానం ఎందుకు వస్తుంది?

కొద్దిరోజులకే మధ్యాహ్నం కల్లా చార్జర్ వెతుక్కోవలసి వచ్చింది. 40 శాతం ఉన్నది చూస్తుండగానే 12కు పడిపోయేది. బ్యాటరీ ఆరోగ్యం మాత్రం చెక్కుచెదరకుండా 100 దగ్గరే ఉంది. షాపుకు వెళితే, "మేడం, బ్యాటరీ బాగానే ఉంది, ఫోనే చెబుతోంది కదా! మీరు యాప్‌లు ఎక్కువ వాడుతున్నారు" అన్నారు. అక్క ఫోనులో ఉన్నవి వాట్సాప్, యూట్యూబ్, బడి పిల్లల హాజరు యాప్.

నేను ఆ ఫోనును అబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో బోర్డు రిపేర్లు చేసే ఒక పెద్దాయన దగ్గరికి తీసుకువెళ్లాను. ఆయన తెర లేపి, ఒక్క నిమిషం చూసి, "బాబూ, ఇటు రా" అని మైక్రోస్కోపు ముందు కూర్చోబెట్టాడు. బ్యాటరీ తలభాగంలో చిటికెన వేలంత సన్నని సర్క్యూట్ బోర్డు ఉంటుంది. అది పాతదే, ఫోనుతో వచ్చినదే. దానికి అతికించిన సెల్లు, అంటే కరెంటు నిలవ ఉండే భాగం మాత్రం వేరేది. రెంటినీ కలిపే నికెల్ పట్టీ మీద వెల్డింగు చుక్కలు వంకరటింకరగా ఉన్నాయి, ఒకటి కాలి నల్లబడింది. పైన పసుపు టేపు పొరలు పొరలుగా చుట్టారు. కంపెనీ బ్యాటరీ కింద, లాగితే సాగి ఊడివచ్చే తెల్లని జిగురు పట్టీలుంటాయి. ఇక్కడ వాటి బదులు స్టేషనరీ దుకాణంలో దొరికే డబుల్ గమ్ టేపు ఉంది. తెర అంచున నీరు చొరకుండా ఉండే సీలు ముక్కలైపోయింది, కొత్తది వేయనే లేదు. నీరు, దుమ్ము చొరనివ్వని ఐపీ68 రక్షణ ఉందని కొన్న ఫోను ఇక వానలో జేబులోంచి తీయడానికి కూడా పనికిరాదు. సెల్లు మీద కంపెనీ చెప్పే 2815 ఎంఏహెచ్ సామర్థ్యం అంకె శుభ్రంగా అచ్చువేసి ఉంది. పెద్దాయన దాని నుంచి కరెంటు లాగి చూడగానే వోల్టేజీ జారిపోయింది.

పాత బోర్డునే ఎందుకు వాడారన్నది అసలు విషయం. 2018లో వచ్చిన ఐఫోన్ టెన్‌ఎస్, టెన్‌ఆర్ మొదలుకొని ప్రతి మోడల్‌లోనూ బ్యాటరీలోని చిప్పుకు, ఫోనుకు జత కుదిర్చి ఉంటుంది. వేరే బ్యాటరీ వేస్తే ఇది అసలుదో కాదో నిర్ధారించలేకపోతున్నానని ఫోను చెబుతుంది. పాత బోర్డును కోసి కొత్త సెల్లుకు అతికిస్తే ఆ హెచ్చరిక రాదు. తరువాత ప్రోగ్రామర్ పరికరం తగిలించి చిప్పులో 78ని 100 చేస్తారు, ఎన్నిసార్లు చార్జ్ అయిందన్న లెక్కను సున్నా చేస్తారు. మీటరు వెనక్కి తిప్పిన సెకండ్ హ్యాండ్ బండి లాంటిదే ఇది. కొందరు సెల్లు కూడా మార్చరు, ఉన్న ముసలి బ్యాటరీకే అంకె దిద్ది పంపిస్తారు. కంప్యూటర్‌కు కలిపి చూసే త్రీయూటూల్స్, కోకోనట్ బ్యాటరీ వంటి సాఫ్ట్‌వేర్లు కూడా చదివేది ఆ చిప్పునే. చిప్పు అబద్ధం చెబితే అవీ అదే చెబుతాయి.

పాత బోర్డుకు కొత్త సెల్లు అతికించడమే మోసమని నేను అనను. మంచి సెల్లు వేసి, చేసినది చేసినట్టు చెప్పి, తగిన ధర తీసుకునే పనివాళ్లు ఈ ఊళ్లో ఉన్నారు. చెప్పకుండా చేసి ఒరిజినల్ అనడమే మోసం. అందుకే నా దృష్టిలో, కంపెనీ సర్వీస్ కేంద్రం కాని చోట మార్పించాక 'బ్యాటరీని గుర్తించలేకపోతున్నాను' అన్న హెచ్చరిక వస్తే భయపడనవసరం లేదు. అది రాకుండా వంద శాతం కనిపిస్తేనే ఎలా వచ్చిందని నిలదీయాలి.

అసలు మార్చాలా వద్దా అన్నది ముందు తేల్చుకోండి. ఐఫోన్ 14 వరకు ఉన్న మోడళ్లలో బ్యాటరీ 500 పూర్తి చార్జ్ సైకిళ్ల తరువాత 80 శాతం సామర్థ్యం నిలుపుకునేలా, 15 నుంచి 1000 సైకిళ్ల తరువాత అంతే నిలిచేలా తయారుచేశామని ఆపిల్ చెబుతుంది. సైకిల్ అంటే ప్లగ్గు పెట్టిన ప్రతిసారీ కాదు. ఈరోజు 60 శాతం, రేపు 40 శాతం వాడితే కలిపి ఒకటి. 80 దాటి 79కి రాగానే ఫోను చచ్చిపోదు. 82 శాతం ఉన్నా రోజంతా నిలిచే ఫోనును విప్పించడం దండగ. 88 చూపిస్తూ కెమెరా తెరవగానే ఆరిపోయే ఫోనుకు మాత్రం బ్యాటరీ కావాలి. పాతబడ్డ బ్యాటరీలో లోపలి నిరోధం పెరుగుతుంది. కెమెరా, ఫ్లాష్, 5జీ ఒక్కసారిగా కరెంటు అడిగితే వోల్టేజీ కుంగుతుంది, ఫోను తనను తాను కాపాడుకోవడానికి ఆరిపోతుంది. ఈ ఆరిపోవడాలను ఆపడానికే పాత ఫోన్ల వేగం తగ్గిస్తున్నామని 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది, గొడవైంది, 2018లో వచ్చిన ఐఓఎస్ 11.3తో మనకు ఈ శాతం అంకె కనిపించసాగింది. గొడవలోంచి పుట్టిన అంకెను ఇప్పుడు మరో మోసానికి వాడుకుంటున్నారు!

మార్చాలని తేల్చుకునేముందు ఒకసారి సెట్టింగ్స్‌లో ఏ యాప్ బ్యాటరీ తింటోందో చూడండి. పెద్ద అప్‌డేట్ తరువాత రెండు మూడు రోజులు బ్యాటరీ త్వరగా తగ్గడం మామూలే. సెల్లారు ఆఫీసుల్లో, సిగ్నల్ సరిగా లేనిచోట ఫోను టవరు కోసం వెతుక్కుంటూనే అలసిపోతుంది. అలాంటివాటికి కొత్త బ్యాటరీ వేసినా ఫలితం ఉండదు.

మన ఊరి ఎండ సంగతి కూడా. ఐఫోన్‌ను 35 డిగ్రీలు దాటిన చోట వాడవద్దంటారు, మే నెలలో ఇక్కడ నీడలోనే 40 దాటుతుంది. బైకు హ్యాండిల్‌కు ఫోను బిగించి, మ్యాప్ వేసి, చార్జింగ్ కూడా పెట్టి ఎండలో తిరిగే డెలివరీ కుర్రాళ్ల బ్యాటరీలు త్వరగా పాడవుతాయంటే ఆశ్చర్యమేముంది? వేడి, నిండు చార్జింగ్ రెండూ కలిస్తే లిథియం బ్యాటరీకి అంతకంటే చేటు లేదు. 80 దగ్గర చార్జింగ్ ఆపే సౌకర్యం మీ ఫోనులో ఉంటే వేసవిలోనైనా వాడండి.

షాపులో ఏం చేయాలి? మొదట కంపెనీ సర్వీస్ కేంద్రంలో ధర కనుక్కోండి. బయటి ధరతో తేడా అనుకున్నంత ఉండకపోవచ్చు. బయటే చేయించేటట్లయితే బ్యాటరీని బిగించకముందే చేతికి తీసుకుని చూడండి. మన దేశంలో అమ్మే ఫోను బ్యాటరీకి ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ (భారతీయ ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. దాని మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉంటుంది. బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే తయారీదారు పేరు, వస్తువు వివరాలు వస్తాయి. అవి పెట్టె మీది పేరుతో కలవకపోతే వద్దనండి. 'హై కెపాసిటీ' అని అదే కొలతలో కంపెనీ బ్యాటరీ కంటే ఎంతో ఎక్కువ ఎంఏహెచ్ రాసి ఉన్నవాటిని కూడా నమ్మకండి, అదే చోటులో అంత శక్తి ఎక్కడినుంచి వస్తుంది? పని మీ కళ్లెదుటే చేయమనండి, కొత్త సీలు వేయమనండి, పాత బ్యాటరీ వెనక్కి అడగండి. అక్క అడిగితే 'చెత్తలో పడేశాం' అన్నారు. ఆ పాత బోర్డు అప్పటికే ఆమె ఫోనులో ఉందని ఇప్పుడు అర్థమవుతోంది. బిల్లు మీద బ్యాటరీ పేరు, ఒరిజినలా కాదా, గ్యారంటీ ఎన్నాళ్లు అన్నది రాయించండి. రాయడానికి వెనకాడితే అక్కడినుంచి లేచి రండి.

ఉబ్బిన బ్యాటరీ మాత్రం వేరే సంగతి. తెర అంచు లేచినా, వెనక మూత బల్లమీద ఊగినా శాతాలు చూస్తూ కూర్చోకండి. చార్జింగ్ ఆపి, ఫోను ఆపేసి, నొక్కకుండా, గుచ్చకుండా తీసుకువెళ్లి మార్పించండి. పాతదాన్ని చెత్తబుట్టలో వేయవద్దు, ఈ-వ్యర్థాలు తీసుకునేచోట ఇవ్వండి.

మా డబ్బు వచ్చింది. ఫోటోలు చూపించి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫిర్యాదు చేస్తామనగానే షాపువాళ్ల గొంతు మారింది. సీలు ఖర్చు గురించి మాత్రం నోరు మెదపలేదు. డబ్బు ఇవ్వకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. 5 లక్షల లోపు విలువకు రుసుము లేదు, కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వేయాలి. దానికి బిల్లు ఉంటే పని సులువు. విజిటింగ్ కార్డు వెనక రాతను కూడా పారేయకండి.

పాత ఫోను కొనేవాళ్లకు ఇదే లెక్క. ఐఫోన్ 15, ఆపైవాటిలో బ్యాటరీ తయారైన నెల, మొదటిసారి వాడిన నెల, సైకిళ్ల సంఖ్య సెట్టింగ్స్‌లోనే కనిపిస్తాయి. రెండేళ్లు వాడిన ఫోను, బ్యాటరీ మార్చలేదంటారు, సైకిళ్లు పదో ఇరవయ్యో, ఆరోగ్యం 100 శాతం అయితే అది దిద్దిన అంకేమోనని అనుమానించాల్సిందే. ఆండ్రాయిడ్‌లో అయితే సామ్‌సంగ్ మెంబర్స్ యాప్‌లోని పరీక్ష, ఇతర ఫోన్లకు ఆక్యూబ్యాటరీ వంటి యాప్ కొంతవరకు ఉపయోగపడతాయి, కానీ ఆక్యూబ్యాటరీకి కొన్ని చార్జింగులు గడవాలి. అమ్మేవాడి ఎదుటే అరగంట వీడియో పెట్టి, మధ్యలో కెమెరా, ఫ్లాష్ వాడి చూడండి. శాతం మెట్లు దిగినట్టు ఒక్కొక్కటిగా తగ్గాలి. అరగంట ఆగనివ్వని అమ్మకందారు దగ్గర కొనవద్దు.