అలిపిరి దగ్గర యాత్రికుల మనసు తెలుసుకోవాలంటే: ప్రశ్నపత్రమా, పక్కన నడకా?

తిరుపతిలో పర్యాటకుల ప్రవర్తన మీద పరిశోధన మొదలుపెట్టేవాళ్లు ముందు తేల్చుకోవాల్సింది ఇదే.

ప్రశ్నపత్రంతో పని త్వరగా అవుతుంది. 'పూర్తిగా అంగీకరిస్తాను' నుంచి 'అస్సలు అంగీకరించను' దాకా ఐదు గడులు. 1932లో అమెరికా మనస్తత్వవేత్త లైకర్ట్ చూపిన దారి ఇది. వందల జవాబులు కంప్యూటర్‌లో వేసి వయసుకీ ఖర్చుకీ లంకె ఉందేమో చూసుకోవచ్చు.

చిక్కల్లా జవాబులతోనే. కొండ కింద ఆపి 'ఎందుకొచ్చారు?' అంటే ఎవరైనా 'స్వామి దర్శనానికండీ' అనే అంటారు. అబద్ధమేం కాదు. కానీ అదే కుటుంబం దర్శనం అయ్యాక పాపవినాశనం, శిలాతోరణం చూసి, కిందికి దిగి చంద్రగిరి కోటకీ పోతుంది. మొక్కుతో పాటు సరదా కూడా ఉందని కాగితం మీద ఒప్పుకోవడానికి మొహమాటం!

పక్కన నడిస్తే కథ వేరు. అలిపిరి దారిలో దాదాపు 3,550 మెట్లు. గాలిగోపురం దాకా ఆయాసమే, ఆ తర్వాతే మాటలు. (పరిశోధకుడి మోకాళ్ల సంగతి ఏ పద్ధతిలోనూ రాయరు.) మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టే ఆవిడ, సెల్ఫీల కోసం ఆగే కుర్రాళ్లు ఏ గడిలో ఇముడుతారు? 1979లో పర్యాటక పరిశోధకుడు క్రాంప్టన్ 39 మందితో తీరిగ్గా మాట్లాడి, విహారయాత్రల వెనక తొమ్మిది కారణాలు పట్టుకున్నాడు.

అయితే బస్సులో వెళ్లేవాళ్లు ఈ పద్ధతికి దొరకరు. నన్నడిగితే ముందు నడవండి, విన్న మాటలతోనే ప్రశ్నలు రాయండి.