థెల్మా టాడ్ చావు: ప్రమాదమా, ఆత్మహత్యా, హత్యా? ఏది నమ్మాలి?

థెల్మా టాడ్ అంటే మన దగ్గర పాత సినిమాల పిచ్చి ఉన్నవాళ్లకు తప్ప తెలియదు. మూకీల చివరి రోజుల్లో హాలీవుడ్‌కు వచ్చి, టాకీల్లో కామెడీతో పేరు తెచ్చుకుంది. మార్క్స్ బ్రదర్స్ అనే కామెడీ అన్నదమ్ముల పక్కన నటించింది, హాల్ రోచ్ స్టూడియో తీసిన చిన్న కామెడీల్లో మెరిసింది. 1935 డిసెంబర్ 16, సోమవారం పొద్దున, గ్యారేజీలో తన లింకన్ కారు ముందు సీట్లో చనిపోయి కనిపించింది. వయసు 29. చంపింది కార్బన్ మోనాక్సైడ్ అన్నదాంట్లో అప్పుడూ ఇప్పుడూ గొడవ లేదు. ఆ గ్యాస్ ఆమె దాకా ఎలా వచ్చిందన్నదే తేలలేదు.

నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర సాయంత్రం చాయ్ తాగే మా బ్యాచ్‌లో ఈ కేసు మీద మూడు పార్టీలున్నాయి. వకీల్ సాబ్‌ది హత్య పార్టీ. రిటైర్డ్ లెక్కల సారుది ఆత్మహత్య. కార్ల మెకానిక్ అన్న మాత్రం ప్రమాదమే అంటాడు. నేను మెకానిక్ అన్న వైపు, కాకపోతే ఆయనంత ధీమాగా కాదు.

ముందు ఆ రాత్రి సంగతి. శనివారం ట్రొకడేరో అనే క్లబ్బులో పార్టీ. నటి ఐడా లుపినో, ఆమె తండ్రి స్టాన్లీ ఇచ్చిన విందు అది. విడాకులిచ్చిన మొగుడు పాట్ డిచీకో కూడా అదే క్లబ్బుకు ఇంకో నటిని వెంటబెట్టుకొని వచ్చాడు. తెల్లవారుజామున డ్రైవర్ థెల్మాను సముద్రం ఒడ్డున ఆమె పేరుతోనే నడిచే కేఫ్ దగ్గర దింపాడు. ఆమె ఉండేది ఆ కేఫ్ పైనే. వ్యాపారంలో భాగస్వామి, ఆమెతో సంబంధం ఉన్న డైరెక్టర్ రోలాండ్ వెస్ట్ కూడా అక్కడే ఉండేవాడు. లోపల గడియ పెట్టి పడుకున్నానని తానే చెప్పాడు. గ్యారేజీ ఉన్నది కొండ మీద, వెస్ట్ భార్య ఇంటి దగ్గర. కింది నుంచి పైకి దాదాపు 270 మెట్లు. లతీఫ్ సాహెబ్ గుట్ట ఎక్కినవాళ్లకు అన్ని మెట్లంటే ఏమిటో తెలుసు, అదీ పార్టీ చెప్పులతో, మందు తాగి, డిసెంబర్ చలిలో.

ఆత్మహత్య వాదన నాకు నిలబడేలా కనిపించదు. సారు వాదన ఒకటే: మాజీ మొగుడు ఇంకో ఆమెతో కళ్లముందు కనిపించాడు, మనసు విరిగింది. కానీ చనిపోతున్నానని రాసిన ఉత్తరం లేదు. క్రిస్మస్ పది రోజుల్లో ఉంది, బహుమతులు సిద్ధం చేసుకుంటోంది. చేతిలో సినిమాలున్నాయి, కేఫ్ నడుస్తోంది. మనిషి లోపల ఏముందో బయటికి కనబడదంటారు సారు. నిజమే, కానీ ఆ మాటతో ఏ చావునైనా ఆత్మహత్య అనొచ్చు. గ్రాండ్ జ్యూరీ (కేసు పెట్టేంత ఆధారం ఉందో లేదో చూసే పౌరుల బృందం) దర్యాప్తులో హత్యకు ఆధారం దొరకలేదు. చివరికి పోలీసుల హత్యల విభాగం కూడా ప్రమాదమే అంటూ, ఆత్మహత్య ఉద్దేశాలు ఉండి ఉండొచ్చని తోక తగిలించి వదిలేసింది. ఈ కేసు ఇన్నేళ్లు నలగడానికి ఆ తోకే సగం కారణం.

హత్య కథ వినడానికి బాగుంటుంది, అందుకే యూట్యూబ్‌లో అదే నడుస్తుంది. లక్కీ లూచియానో అనే మాఫియా పెద్ద ఆమె కేఫ్ పైన జూదం పెట్టాలనుకున్నాడు, ఒప్పుకోలేదని చంపించాడు అని. దానికి ఆధారం అనదగ్గది ఒక్కటీ నాకు దొరకలేదు. డబ్బివ్వకపోతే చంపుతామని ఆ ఏడాది ఆమెకు బెదిరింపు ఉత్తరాలు వచ్చిన మాట నిజం. కానీ ఒంటి మీద మింక్ కోటు, నగలు అలాగే ఉన్నాయి. మూతి దగ్గర కొంచెం నెత్తురు ఉందని వకీల్ సాబ్ గుచ్చి గుచ్చి చెబుతాడు. స్పృహ తప్పి స్టీరింగ్ మీద పడితే అంతమాత్రం దెబ్బ తగులుతుందని పోస్ట్‌మార్టం చేసిన డాక్టర్ అప్పుడే చెప్పాడు.

హత్య పార్టీలో నేను కాస్త ఆగి వినేది వెస్ట్ గురించిన పుకారు ఒక్కటే. ఆలస్యంగా వచ్చిందన్న కోపంతో ఆమెను గ్యారేజీలో పెట్టి తలుపేశాడని, 1952లో పోయేముందు ఎవరితోనో ఒప్పుకున్నాడని అంటారు. చెవి నుంచి చెవికి వచ్చిన మాట అది, సాక్ష్యం కాదు. కానీ నిజమనుకున్నా అది పథకం వేసి చేసిన హత్య కాదు, మొండితనం ప్రాణం మీదికి తేవడం. ప్రమాదానికి రెండడుగుల దూరం.

ఇక ప్రమాదం. మెకానిక్ అన్న నన్ను తన షెడ్డులోకి తీసుకుపోయి ఒక పాత పెట్రోల్ కారు స్టార్ట్ చేశాడు. సైలెన్సర్ గొట్టంలో వేలు పెట్టి, మసి అంటిన వేలు చూపించి, "ఇది కనవడుతది. సంపేది కనవడదు, వాసన గూడ రాదు" అన్నాడు. వానొచ్చినా, చలేసినా ఆయన ఇంజన్ నడిపేటప్పుడు షట్టర్ పూర్తిగా ఎత్తే ఉంచుతాడు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలో హిమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే రెండొందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, మగత, తర్వాత కాళ్లు చేతులు మాట వినవు. తాగిన మనిషికి ఇదంతా నిద్రమత్తులాగే అనిపిస్తుంది. పైగా పొగలోని విషాన్ని తగ్గించే కాటలిటిక్ కన్వర్టర్లు అమెరికా కార్లకు వచ్చింది 1970లలో. 1935 నాటి పెద్ద ఇంజన్‌ను తలుపులు మూసిన గ్యారేజీలో నడిపితే గంటలు అక్కర్లేదు. నా లెక్క ఇది: కింద వెస్ట్ తలుపు తీయలేదు, మెట్లెక్కి గ్యారేజీకి వచ్చింది, చలి, వెచ్చదనం కోసం ఇంజన్ ఆన్ చేసి కూర్చుంది. రక్తంలో మద్యం ఉందని పరీక్షలో తేలింది కూడా. ఇందులో ఎక్కడా దుర్మార్గుడు అవసరం లేదు.

ఈ కథకు అడ్డం పడేది ఒక ఫోన్ కాల్. ఆదివారం మధ్యాహ్నం థెల్మా తనతో ఫోన్లో మాట్లాడిందని, పార్టీకి వస్తానందని మార్తా ఫోర్డ్ అనే ఆమె గట్టిగా చెప్పింది. అదే నిజమైతే శనివారం రాత్రి ప్రమాదం అన్న మాటే ఎగిరిపోతుంది. వకీల్ సాబ్ ఈ ఒక్క సాక్షితో కేసు గెలుస్తానంటాడు. కానీ ఫోన్లో విన్నది గొంతే, మనిషిని కాదు. సోమవారం పొద్దున పనిమనిషి చూసేసరికి థెల్మా ఒంటి మీద శనివారం పార్టీకి వేసుకున్న బట్టలే ఉన్నాయి. ఆదివారం మధ్యాహ్నం దాకా బతికి, ఇంకో పార్టీకి తయారవుతున్న సినిమా నటి రాత్రి గౌను మార్చుకోకుండా ఎందుకుంటుంది? దీనికి వకీల్ సాబ్ ఇంతవరకు జవాబు చెప్పలేదు.